టెక్ సందేహాలు: పేరు కొట్టేస్తే సరిపోతుందా?

మా అమ్మకు మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. నలుగురికీ ఉపయోగపడుతుందని ఖర్చు, కోలుకున్న తీరు ఫేస్‌బుక్‌లో వివరంగా రాశాను. డిశ్చార్జ్ సమ్మరీ ఫోటో కూడా పెట్టాను. అమ్మ పేరు మీద ఫోన్‌లోనే నల్లగా గీశాను. అయినా అమ్మ నొచ్చుకుంది. ఇంకేం దాచాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

ముందు ఆ గీత సంగతి చూద్దాం. ఫోన్‌లో ఫోటో ఎడిట్ చేసేటప్పుడు పెన్ను, హైలైటర్ పక్కపక్కనే ఉంటాయి. నల్ల హైలైటర్‌తో రెండు మూడుసార్లు రుద్దితే అక్షరాలు మాయమైనట్టే ఉంటుంది. కానీ ఆ రంగు పూర్తిగా కప్పదు. బ్రైట్‌నెస్, ఎక్స్‌పోజర్ పెంచితే కింద ఉన్న పేరు బయటపడొచ్చు. మీ ఫోటో మీదే ఒకసారి ప్రయత్నించి చూడండి. పీడీఎఫ్‌తో ఇంకా ప్రమాదం. పైన నల్ల డబ్బా పెట్టినా అక్షరాలు కింద అలాగే ఉండిపోవచ్చు, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే వచ్చేస్తాయి. అక్కర్లేని భాగాన్ని కత్తిరించేయడమే నయం. అందులోనూ 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో, విండోస్ కంప్యూటర్లలో స్క్రీన్‌షాట్ తీసే స్నిప్పింగ్ టూల్‌లో ఒక లోపం బయటపడింది. క్రాప్ చేసి సేవ్ చేసినా, తీసేసిన భాగం కొంత ఫైల్‌లో మిగిలిపోయేది. అప్‌డేట్లతో సరిచేశారు కానీ, అంతకుముందే పంచుకున్న ఫైళ్లను ఆ అప్‌డేట్ మార్చదు.

పైగా పేరు ఒక్కటి దాస్తే చాలదు. సమ్మరీ మీద రోగి నంబరు, వయసు, చిరునామా, ఫోన్ నంబరు, బార్‌కోడ్ లాంటివి ఉంటాయి. ఆ బార్‌కోడ్‌ను మామూలు ఫోన్‌తోనే చదవొచ్చు. మోకాలితో సంబంధం లేని బీపీ, షుగర్, పాత జబ్బులు, వాడే మందులు కూడా అందులోనే రాస్తారు.

ఇవన్నీ పక్కాగా కొట్టేశారనే అనుకుందాం. మీ పేరుతో ‘మా అమ్మ’ అని రాశాక ఆవిడెవరో మీ వీధిలో, చుట్టాల్లో తెలియనిదెవరికి? రేపు ఏ పెళ్లికో వెళ్తే ‘షుగర్ కూడా ఉందటగా వదినా’ అని పలకరిస్తారు. ఆ మాట పడాల్సింది మీరు కాదు, ఆవిడ. మీ ఉద్దేశం మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ జబ్బు ఆవిడది, కాబట్టి చెప్పాలో వద్దో కూడా ఆవిడ ఇష్టమే. సమ్మరీ వెంటనే తీసేయండి. మొత్తం ఖర్చెంత, ఫిజియోథెరపీ ఎన్ని వారాలు, బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ ఎక్కడ బిగించారు... చదివేవాళ్లకు కావల్సింది ఇవే. మళ్లీ పెట్టేముందు ఆవిడకు చదివి వినిపించండి. వద్దన్న వాక్యం ఎంత బాగా కుదిరినా తీసేయండి.

పాప పుట్టినరోజు ఫోటోలు పోస్ట్ చేయాలనుకుంటున్నాను. ఫోటోలో ఇంటి లొకేషన్ కూడా వెళ్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే నిజమే. 2012లో పరారీలో ఉన్న యాంటీవైరస్ వ్యాపారి జాన్ మెకాఫీ గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపడింది ఇలాగే. ఒక పత్రిక పెట్టిన ఐఫోన్ ఫోటోలో లొకేషన్ అలాగే ఉండిపోయింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ఇతరులకు చూపించే ఫోటోలోంచి ఆ సమాచారం తీసేస్తాయి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉంటుంది. ఐఫోన్‌లో షేర్ నొక్కాక పైన ‘ఆప్షన్స్’లో లొకేషన్ ఆపేయొచ్చు.

నన్నడిగితే, అంతకంటే కంటికి కనిపించేవే ముందు చూసుకోవాలి: స్కూల్ బ్యాడ్జి, గేటు మీద ఇంటి నంబరు, స్కూటీ నంబర్ ప్లేటు. ఇక కేకు చుట్టూ నిలబడ్డ పక్కింటి పిల్లల సంగతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని కంపెనీలకు చెబుతోంది. మనుషులు సొంతానికి, ఇంటి అవసరాలకు వాడుకునేవి దాని పరిధిలోకి రావు. అంటే ఈ చట్టం మిమ్మల్ని ఆపదు. అందుకే మీరే ఆ తల్లులకు ముందు ఫోటో పంపి, ‘పెట్టమంటారా?’ అని అడగండి. జవాబు రాకపోతే సరేనన్నట్టు కాదు. పాప ఒక్కతే ఉన్న ఫోటో పెట్టుకోండి.

ఫ్రెండ్ విడాకుల గురించి పేరు చెప్పకుండా పబ్లిక్‌గా రాశాను. తను బాధపడితే డిలీట్ చేశాను. గూగుల్‌లో ఇంకా రెండు లైన్లు కనిపిస్తున్నాయి. ఒకటే టెన్షన్!
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

గూగుల్ వారి ‘రిఫ్రెష్ అవుట్‌డేటెడ్ కంటెంట్’ టూల్‌లో ఆ లింకు ఇవ్వండి. అసలు పోస్టు పోయింది కాబట్టి ఆ లైన్లు కూడా తీసేస్తారు. ఫేస్‌బుక్‌లో అయితే ట్రాష్ కూడా ఖాళీ చేయండి, లేకపోతే 30 రోజులు అక్కడే ఉంటుంది. పాత వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో కాపీ ఉందేమో వెతికి, ఉంటే తీసేయమని దాన్ని నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థకు మెయిల్ పెట్టండి. స్క్రీన్‌షాట్లకు మాత్రం ఏ టూలూ లేదు. షేర్ చేసినవాళ్లు తెలిస్తే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తీసేయమనండి. ఏమేం పోయాయో, ఏది మీ చేతిలో లేదో మీ ఫ్రెండ్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి.