నీళ్లు ఎవరు మోస్తారో ముందు తేల్చుకోండి

చి. మేనల్లుడికి, చి. ల. సౌ. అమ్మాయికి,

ఆశీస్సులు. మీ ఇద్దరి పేరా వచ్చిన ఉత్తరం అందింది. అబ్బాయి చదివే బడిలో పిల్లలు తిన్న కంచాలు తామే కడుక్కోవడం, ప్రార్థన తరువాత కాసేపు మౌనంగా కూర్చోవడం, ఊడ్చే ఆయాను సైతం 'గారు' అని పిలవడం చూసి మీ ఇంటి నడవడికే మారిందనీ, దేవుడు మీకు చూపిన దారి ఇదేనన్న నమ్మకంతో హైదరాబాదు ఉద్యోగం వదిలి ఉప్పాడ తీరంలో మత్స్యకారుల పిల్లలకు వసతి గృహం నడపాలనుకుంటున్నారనీ తెలిసి సంతోషించాను. వార్డెన్‌గా, ఆ తరువాత హెడ్మాస్టరుగా బతుకంతా పిల్లల మధ్యే గడిపినవాడిని కనుక, పొగడ్తలు పక్కనపెట్టి పనికివచ్చే మాటలే రాస్తాను.

మన గోదావరి ఒడ్డునే జరిగిన సంగతి మొదట గుర్తు చేస్తాను. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారని, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారని మన పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ రోజుల్లో ఊరు వెలివేస్తే వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు ఆ ఇంటి గడప తొక్కడం మానేశారనీ, అప్పుడు పంతులు గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసి, వచ్చినవాళ్లందరికీ వండిపెట్టారనీ చెప్పుకునేవాళ్లు తక్కువ. సంకల్పం పంతులు గారిదే కావచ్చు గానీ, ఆమె బిందె ఎత్తకపోతే ఆ పెళ్లి పందిట్లో పొయ్యి వెలిగేది కాదు. మీ ఉత్తరం నిండా 'మేము' అనే ఉంది. దస్తూరీ మాత్రం మేనల్లుడిది ఒక్కడిదే. అందుకని అమ్మా, నువ్వు విడిగా నాకు రాయి. తెల్లవారుజామున పాలు విరిగిపోయినా, వంటమనిషి చెప్పాపెట్టకుండా మానేసినా, అర్ధరాత్రి ఒక పిల్లకు జ్వరం వచ్చినా లేవవలసింది ఎవరో మీ ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాలి. నీకు మనస్ఫూర్తిగా ఇష్టమైతేనే ఇది మీ కుటుంబం ఎంచుకున్న దారి అవుతుంది. నీకు ఇష్టం లేకపోతే అది నీ మొగుడి కోరిక మాత్రమే, దాని బరువు నీ నడుం మీద పడుతుంది.

ఇక శీలం నేర్పడం గురించి. మీరు వెళ్లబోయే చోటికి దగ్గరలోనే, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు 1904లో ప్రిన్సిపాల్‌గా వచ్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజ విశ్వాసి. భార్య చిన్న వయసులో పోయాక మళ్లీ పెళ్లి చేసుకోకుండా, తెల్లని బట్టలు కట్టుకుని నిరాడంబరంగా జీవించారు. పేద విద్యార్థుల చదువుకు తన జీతం నుంచే సాయం చేశారు. ఆడపిల్లలకూ, అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకూ ఆ కళాశాల తలుపులు తెరిపించారు. ఆయన గొప్ప వక్త, కాదనను. అయితే ఉపన్యాసం విని పిల్లలు మారతారని నేను నమ్మను. చెప్పేవాడు ఏం తింటున్నాడో, ఎవరి పక్కన కూర్చుంటున్నాడో వాళ్లు కనిపెడుతూ ఉంటారు. వార్డెన్ ఇంటి పిల్లలకు వేరే కంచంలో నెయ్యి పడిందని హాస్టలు పిల్లలకు మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోవడం నేను చూశాను. ఆ తరువాత నీతి పద్యాలు ఎన్ని చెప్పినా వల్లె వేస్తారు తప్ప వినరు. మీరు ముగ్గురూ ఆ మెస్సులోనే, ఆ వరుసలోనే కూర్చుని తినడానికి సిద్ధపడండి.

మీ భక్తి మీకు బలం. దాన్ని పిల్లల మీద పన్నుగా వేయకండి. అన్నం పెట్టేవాళ్ల దేవుడికి దండం పెట్టకపోతే బాగుండదేమో అని ఒక బిడ్డ భయపడిందంటే, మీరు నేర్పదలచిన నిజాయితీకి అక్కడే గండి పడుతుంది. ప్రభుత్వ గుర్తింపు గానీ ప్రభుత్వ సాయం గానీ ఉన్న విద్యాసంస్థలో మైనరు చేత సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనజేయకూడదని రాజ్యాంగం 28వ అధికరణమే చెబుతోంది. గుర్తింపు అవసరం లేని వసతి గృహమైనా ఆ మర్యాదే పాటించండి.

అబ్బాయి సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు: 'వాడికీ ఇష్టమే' అన్నారు. పదమూడేళ్ల పిల్లవాడు అమ్మానాన్నల ముఖంలో వెలుగు చూసి సరేనంటాడు. కొత్త ఊళ్లో తన తల్లిదండ్రులను పాతికమందితో పంచుకోవలసి వస్తుందని వాడికి ఇంకా తెలియదు. సంస్థలు పెట్టినవాళ్ల సొంత పిల్లలు అలిగి దూరమైన ఇళ్లు నాకు తెలుసు. వారంలో ఒక పూట వాడిది మాత్రమే అయి ఉండాలి. ఆ పూట కలెక్టరు వచ్చినా మీరు దొరకకూడదు.

ఆచరణ విషయానికి వస్తే, ఉన్న ఫ్లాటు అమ్మకండి, ఇద్దరూ ఒకేసారి రాజీనామా చేయకండి. మొదటి ఏడాది పిల్లలను రాత్రిపూట ఉంచుకోకుండా, అక్కడి ప్రభుత్వ పాఠశాల హెడ్మాస్టరుతో మాట్లాడి సాయంత్రం చదువు, ఒక పూట భోజనంతో మొదలుపెట్టండి. రాత్రి ఒక బిడ్డను మన కప్పు కింద పడుకోబెట్టుకోవడం వేరే స్థాయి బాధ్యత. అనాథలనూ, ఆదరణ లేని పిల్లలనూ చేర్చుకునే గృహానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదు తప్పనిసరి. బడే పెట్టాలనిపిస్తే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా నడపరాదు, పిల్లలను కొట్టరాదు. అమెరికాలోని మన బంధువులు డబ్బు పంపుతామన్నారని మురిసిపోయారు గదా. వాళ్లు అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు కనుక, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి వచ్చేదాకా ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా ముట్టకండి. ట్రస్టు డీడులో బంధువులు కానివారిని ఇద్దరినైనా ధర్మకర్తలుగా పెట్టండి, ఖర్చుల పద్దు ఊరివాళ్లు అడిగినప్పుడు చూపగలిగేలా ఉంచండి.

ఒక సంగతి మీ ప్రణాళికలో లేదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేటకు నిషేధం. బడికి వేసవి సెలవులు వచ్చేదీ దాదాపు ఆ రోజుల్లోనే. అంటే బడిలో మధ్యాహ్న భోజనం ఆగేదీ, ఇంట్లో సంపాదన ఆగేదీ ఒకేసారి. మీరు కూడా బడి క్యాలెండరు చూసి వేసవిలో తలుపులు మూశారంటే, మీ అవసరం ఎక్కువగా ఉన్న రెండు నెలలూ మీరు లేనట్టే. సంవత్సరపు లెక్క ఏప్రిల్ నుంచి మొదలుపెట్టి వేయండి. మిగతా నెలల ఖర్చు దాని తరువాత చూసుకోవచ్చు.

దసరా సెలవులకు ముగ్గురూ కాకినాడ రండి. ఉప్పాడ బడికి నేనూ వస్తాను. అప్పటికి అమ్మాయి ఉత్తరం విడిగా నాకు అందాలి.

ఇట్లు,
మీ మేనమామ