గుండె పెరిగిందని స్కాన్‌లోనే కనిపెట్టాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. శవాన్ని కోయకుండా సీటీ స్కాన్‌తో పోస్ట్‌మార్టం చేసే నిపుణురాలిని అవుతానంటోంది. గుండె పెద్దదై చనిపోయినా స్కాన్‌లో తెలిసిపోతుందట. బీఎస్సీ ఫోరెన్సిక్ సైన్స్‌లో చేర్పించమంటారా?

జవాబు: ఆమె కోరిక అదే అయితే ఆ కోర్సు వద్దండీ. ఫోరెన్సిక్ సైన్స్ చదివినవాళ్లు ల్యాబులో విషాలు, రక్తపు మరకలు, డీఎన్ఏ పరీక్షిస్తారు. పోస్ట్‌మార్టం చేసి, మరణానికి కారణం ఇదని సంతకం పెట్టేది డాక్టరే. కాబట్టి నీట్, ఎంబీబీఎస్, ఆపైన ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్ లేదా రేడియో డయాగ్నసిస్ (రేడియాలజీ). రేడియాలజీ సీటుకు పోటీ విపరీతం, ఫోరెన్సిక్‌కు అంత లేదు. ఇమేజింగ్ టెక్నాలజీ చేస్తే స్కాన్ తీయొచ్చు, రిపోర్టు మాత్రం రాయలేరు.

ఇక గుండె సంగతి. అమ్మాయి చెప్పింది సగమే నిజం. బతికున్నవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలో గుండె వెడల్పు ఛాతీ లోపలి వెడల్పులో సగం దాటితే గుండె పెరిగిందేమోనని అనుమానిస్తారు. ఆ ఎక్స్‌రే నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని తీసింది. శవం వెల్లకిలా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో గాలి తగ్గి, వాటి కిందుండే కండరం డయాఫ్రమ్ పైకి జరిగి ఉంటుంది. దాంతో మామూలు గుండె కూడా అడ్డంగా పరుచుకుని పెద్దదిగా కనిపిస్తుంది. పాత కొలత పెడితే తప్పు చెప్పినట్టే. పైగా మామూలు సీటీలో గుండె గోడ ఎక్కడ ఆగిందో, లోపలి రక్తం ఎక్కడ మొదలైందో సరిగా తేలదు. ఎంఆర్ఐలో ఇంకాస్త నయం. శవం బిగుసుకున్నప్పుడు గోడ ఉన్నదానికంటే మందంగా కనిపించొచ్చు కూడా. అందుకే గుండెను బయటికి తీసి తూచి, మనిషి ఎత్తు, బరువుతో సరిచూడటం ఇప్పటికీ తప్పదు. గుండె పెద్దదని తేలినా, దానివల్లే పోయారా అన్నది వేరే ప్రశ్న. రక్తనాళాలు, పాత బీపీ, విషం రిపోర్టు అన్నీ చూడాలి.

కోయకుండా స్కాన్‌తో పోస్ట్‌మార్టం చేసే పద్ధతికి (వర్చువల్ అటాప్సీ) స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పేరుపడ్డ చోటు. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో వర్చువల్ అటాప్సీ కేంద్రం మొదలైంది. అలాంటి చోట్లు దేశంలో ఇంకా తక్కువే. కేవలం స్కాన్లు చూసే కొలువు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. చేతికి గ్లౌజు తొడగాలి, మార్చురీ వాసన భరించాలి, ఏళ్ల తర్వాత కోర్టు సమన్లు వస్తే వెళ్లి డిఫెన్స్ లాయరు ప్రశ్నలకు జవాబివ్వాలి. నా లెక్కలో అసలు కష్టం ఆ చివరిదే. ఇవన్నీ విన్నాక కూడా సరేనంటే, ముందు నీట్‌కు కూర్చోబెట్టండి. ఫోరెన్సిక్ మెడిసిన్ ఎంబీబీఎస్‌లోనే ఒక సబ్జెక్టు. పీజీలో ఏది తీసుకోవాలో అప్పుడు తనే తేల్చుకుంటుంది.