14 ఏళ్ల పాప నాన్న దగ్గరికి వస్తానంటే

అన్నగారూ, ఒడిశాలోని బరంపురం ఫ్యామిలీ కోర్టు పాపని పర్లాకిమిడిలో ఉన్న తల్లికి అప్పగించింది, ఇప్పుడు తను శ్రీకాకుళంలో మీ దగ్గరుంటానంటోంది, తెచ్చేసుకోవచ్చా అని కదా అడిగారు. దయచేసి అలా తెచ్చుకోకండి. ఆర్డరు మారేదాకా పాతదే చెల్లుతుంది, మీరే దాన్ని ధిక్కరించినట్టవుతుంది.

హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద, డిక్రీ (తీర్పు) ఇచ్చిన బరంపురం కోర్టులోనే కస్టడీ మార్పుకి పిటిషన్ వెయ్యండి. శ్రీకాకుళంలో వేస్తే పరిధి కాదంటారు. తల్లి ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి వెయ్యండి, పని తేలికవుతుంది.

1890 గార్డియన్స్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, తెలివిగా చెప్పగల వయసుంటే పిల్లల ఇష్టాన్ని జడ్జి లెక్కలోకి తీసుకోవచ్చు. కానీ అదొక్కటే చాలదు, పాప మేలే ముఖ్యం. మామూలుగా జడ్జి పాపని ఛాంబర్లో ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతారు. అక్కడే చాలా కేసులు చెడతాయి. "అమ్మ సరిగా చూడదు" అని బట్టీ పట్టిన మాట రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. కొత్త ఫోను కొనిచ్చి ఉంటే అదీ బయటికొస్తుంది. పాపకేమీ నేర్పకండి, పాపం, తన మాట తననే చెప్పనివ్వండి.

పాప తెలుగులో రాసిన ఉత్తరాలుంటే ఇంగ్లీషు అనువాదం జతచెయ్యండి. చదువు ఒడియా నుంచి తెలుగుకి మారుతుంది కాబట్టి ఏ స్కూలు, ఏ క్లాసు, ట్యూషన్ ఎవరు అన్నది పిటిషన్లోనే రాయండి. పాప కోసం మీరిచ్చే భరణం ఉంటే అది దానంతటదే ఆగదు, ఆ మార్పూ అందులోనే అడగండి. ఈలోగా సెలవులకి పంపమని మధ్యంతర అర్జీ వేసుకోవచ్చు.