వయొలిన్లు పెడితే సీన్ సీరియల్‌లా అనిపిస్తోందన్న ప్రశ్నకు

మీ షార్ట్ ఫిల్మ్‌లో తండ్రి ఖాళీ ఇంట్లో తిరిగే సీన్, ఆయన కళ్లు చెమర్చగానే వయొలిన్లు ఎత్తుకుంటున్నాయన్నారు కదా. చిక్కంతా అక్కడే ఉందండీ. ముఖం చెప్పేసిన మాటనే సంగీతం మళ్లీ చెబుతోంది.

ఇటాలియన్ దర్శకుడు విస్కాంటీ తీసిన ‘డెత్ ఇన్ వెనిస్’ (1971) సినిమా మొదలు చూడండి. మసక వెలుతురులో, సముద్రం మీద ఓ స్టీమర్, అంతే. వెనకాల స్వరకర్త మాలర్ ఐదో సింఫనీలోని అడాజియెట్టో అనే నెమ్మదైన భాగం. తీగ వాద్యాలు, హార్ప్ తప్ప మరేమీ ఉండవు. స్వరం ఇక కుదురుకుంటుందనుకున్న చోట ఇంకాస్త ఆగుతుంది. ఎవరూ ఏడవకుండానే గుండె బరువెక్కుతుంది. ఎంత అద్భుతమో!

మీరూ ఆయన తలుపు తీయకముందే సంగీతం మొదలుపెట్టి, క్లోజప్ వచ్చేసరికి ఆపేయండి. అక్కడ ఫ్యాన్ చప్పుడు చాలు. వీలైతే వయొలిన్ల బదులు, వాటికన్నా పెద్దదీ గొంతు లోతైనదీ అయిన చెల్లో ఒక్కదానితో ప్రయత్నించండి.