ఆరో వారం దాటనీ, తల్లీ

తిరుపతి

చిట్టితల్లికి మేనత్త ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్‌లో నువ్వు మాట మధ్యలోనే ఏడ్చేశావు. వెనక పాప గుక్కపెట్టి ఏడుస్తోంది. ఫోన్ పెట్టేశాక నాకు కునుకు పట్టలేదు. ఫోన్‌లో చెబుతుంటే పాప లేస్తుంది, నీ ధ్యాస మళ్ళిపోతుంది. అందుకే రాస్తున్నా. పాలిస్తూ కొంచెం కొంచెంగా చదువుకో.

చిత్తూరు నుంచి మీ అత్తగారు సాంబ్రాణి వేయమంటారు, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టమంటారు, పాప చిక్కిపోయిందంటారు. అక్కడ నార్వేలో, మీ ఓస్లోలో పక్కింటావిడ తన బిడ్డను బండిలో వెచ్చగా చుట్టి, అంత చలిలో బాల్కనీలో నిద్రపుచ్చుతుంది. ఆ బిడ్డ హాయిగా పడుకుంటుంది, మన పాప ఒళ్ళో ఉన్నా ఏడుస్తుంది. "ఎవరి మాట వినాలత్తా, నాకేమీ చేతకావడం లేదు" అన్నావు. నీకు చేతకాకపోవడమేమీ లేదమ్మా. బిడ్డకు కావలసింది వేరు, ఊరి అలవాటు వేరు. ఈ రెండూ కలిసిపోయి నీ తలమీద పడ్డాయి. వాటిని విడదీసి చూడటం ఎలాగో చెబుతా.

ఏ.ఎన్.ఎం. నర్సుగా పాకాల, చంద్రగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఎంతమంది బాలింతల ఇళ్ళకు తిరిగానో నీకు తెలుసు. కానీ నాకు ఈ సంగతి బాగా తలకెక్కింది రిటైరయ్యాక, కొండమీద. శ్రీవారి సేవకు వెళ్ళినప్పుడు వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో పిల్లలకు పాలు అందించే పని ఇచ్చారు. ఒక కంపార్ట్‌మెంట్లో వేలూరు నుంచి వచ్చిన తమిళ పిల్ల, షోలాపూర్ నుంచి వచ్చిన మరాఠీ పిల్ల పక్కపక్కనే కూర్చున్నారు. ఇద్దరి ఒళ్ళోనూ రెండు మూడు నెలల పసికందులు. ఒక బిడ్డ మొదలుపెట్టగానే రెండోది అందుకుంది. ఇద్దరు తల్లులూ ఒక్కసారే లేచారు. ఇద్దరూ బిడ్డను ఎడమ భుజం మీదే వేసుకున్నారు, ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు ఒరుగుతూ వీపు మీద జోకొడుతున్నారు. ఒకరి మాట ఒకరికి రాదు. కానీ ఇద్దరి గొంతూ సన్నబడింది, మాట సాగింది, రాగం తీసింది. కళ్ళు మూసుకుని వింటే ఏది తమిళమో ఏది మరాఠీనో తెలియదు, బిడ్డతో మాట్లాడుతున్నారని మాత్రం తెలుస్తుంది. తర్వాత చదివాను: పెద్ద పట్టణాల నుంచి అడవుల్లో వేటాడి బతికేవాళ్ళ దాకా 21 సమాజాల నుంచి 1,615 రికార్డింగులు సేకరించి, 2022లో ఒక పరిశోధన వేశారు. బిడ్డతో మాట్లాడేటప్పుడు గొంతు ఎలా మారుతుందో చూస్తే, ఆ సమాజాల్లో చాలావరకు ఒకే తీరు కనబడింది. ఆ రోజు కంపార్ట్‌మెంట్లో నేను విన్నది అదే కదా అనిపించింది.

ఇప్పుడు ఏడుపు సంగతి. దీని గురించే ఎక్కువ రాస్తా, ఎందుకంటే నువ్వు నలిగిపోతున్నది దీనికే.

పాపకు ఐదో వారం నడుస్తోంది. పుట్టిన రెండు వారాల నుంచి ఏడుపు పెరుగుతూ వచ్చి, ఆరో వారం చుట్టుపక్కల ముదిరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. అది కూడా సాయంత్రం పూటే ఎక్కువ. 1962లో అమెరికాలో బ్రేజెల్టన్ అనే పిల్లల డాక్టరు 80 మంది పసిబిడ్డల తల్లులతో రోజూ డైరీ రాయించారు. ఆరో వారానికి వచ్చేసరికి ఆ బిడ్డలు రోజుకు సుమారు రెండు ముప్పావు గంటలు ఏడ్చారు. అందరూ ఆరోగ్యంగా ఉన్న బిడ్డలే. అమెరికాలో బిడ్డను విడిగా పడుకోబెడతారు కాబట్టి అలా ఏడుస్తారేమో అనుకోవచ్చు. అందుకని ఆఫ్రికాలో కలహారి ఎడారి పక్కన ఉండే కుంగ్ సాన్ అనే వేటగాళ్ళ బిడ్డలనూ గమనించారు. అప్పట్లో అక్కడ తల్లి బిడ్డను దాదాపు రోజంతా ఒంటికి కట్టుకునే తిరిగేది, గంటకు మూడు నాలుగు సార్లు పాలిచ్చేది. ఆ బిడ్డలకూ మొదటి మూడు నెలల్లోనే ఏడుపు ఎక్కువ. తేడా ఏమిటంటే ఏడ్చిన ప్రతిసారీ కొద్దిసేపట్లోనే ఊరుకునేవారు.

దీంట్లో నీకు రెండు సంగతులున్నాయి. ఏడుపు రావడం నీ చేతిలో లేదు, నీ పెంపకంలో లోపం కాదు. అది తగ్గేదాకా ఎత్తుకోవడం మాత్రం నీ చేతిలో ఉంది. ఎత్తుకుంటే అలవాటైపోతుందని ఎవరన్నా వినొద్దు. ఐదు వారాల బిడ్డకు చెడు అలవాటు అనేదే లేదు.

ఊరికే కూర్చుని ఊపితే చాలదు, లేచి నడువు. జపాన్ పరిశోధకులు దీన్ని కూడా కొలిచి చూశారు. ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళోనే ఉంచుకుని, అప్పుడు పడుకోబెట్టాలి. తొందరపడి దించితే ఒంటి మీద నుంచి ఎడమయ్యే క్షణంలోనే మెలకువ వచ్చేస్తుంది. మా అమ్మ మీ నాన్నను ఎత్తుకుని వసారాలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేది. ఏమీ కొలవకుండానే ఆమెకు ఆ లెక్క తెలుసు.

ఎంత నడిచినా ఊరుకోని రోజులూ ఉంటాయి. నీకు కోపం వచ్చేలా ఉందనిపిస్తే పాపను తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టి పక్క గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగు. ఐదు నిమిషాలు ఏడిస్తే బిడ్డకేమీ కాదు. ఎంత విసుగొచ్చినా బిడ్డను పట్టుకుని కుదపకూడదు, మెదడుకు దెబ్బ తగులుతుంది. ఈ మాట మీ ఆయనకు కూడా చెప్పు. రాత్రి ఒక వంతు ఆయన ఎత్తుకోవాలి. బిడ్డకు జోకొట్టే చెయ్యి కావాలి, అది నాన్న చెయ్యి అయినా సరే.

ఒళ్ళు వేడిగా ఉండి జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ చూపిస్తే, పాలు తాగకపోతే, ఎప్పుడూ లేనట్టు కీచుగానో నీరసంగానో మూలుగుతూ ఏడిస్తే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోవద్దు. రాత్రయినా పగలయినా డాక్టరు దగ్గరకు వెళ్ళు. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఆగకూడదు.

ఇక చిక్కిపోయిందనే మాట. పుట్టినప్పుడు రెండు కిలోల 900, మొన్న తూకంలో మూడు కిలోల 900 అన్నావు. ఐదు వారాల్లో కిలో పెరిగిన బిడ్డ చిక్కిందంటే నేనొప్పుకోను. రోజుకు ఆరేడు డైపర్లు తడుస్తున్నాయంటే పాలు చాలుతున్నట్టే. అక్కడి నర్సు గీతలున్న కార్డులో గుర్తు పెడుతుంది చూడు, అలాంటి గీతలు ఎలా వచ్చాయో తెలుసుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో దాదాపు 8,500 మంది పిల్లల్ని కొలిచింది. బ్రెజిల్, ఘనా, ఒమన్, అమెరికా, మన ఢిల్లీ, మీ ఓస్లో. తల్లి పాలు తాగి, ఇంట్లో తిండికి, శుభ్రతకు లోటు లేని పిల్లల్నే తీసుకున్నారు. ఆ పిల్లల పొడవుల్లో ఉన్న తేడా మొత్తంలో దేశాన్ని బట్టి వచ్చింది సుమారు 3 శాతమే. ఒకే ఊళ్ళో బిడ్డకూ బిడ్డకూ మధ్య ఉన్నది 70 శాతం. అంటే ఢిల్లీ బిడ్డకూ ఓస్లో బిడ్డకూ ఉన్న తేడా కన్నా, ఒకే వీధిలో రెండిళ్ళ బిడ్డల మధ్య తేడా ఎక్కువ. పక్కింటి బిడ్డతో పోల్చి చూడటం ఈ రోజుతో మానేయ్. పాపను పాప పోయిన నెల తూకంతోనే పోల్చు.

పాల విషయంలో నాకు ఒక గాయం ఉందమ్మా. ఎప్పుడూ నీకు చెప్పలేదు. 1984లో మీ పెద్దబావ పుట్టినప్పుడు ముర్రుపాలు మంచివి కావని పెద్దవాళ్ళు నాతో పిండించి పారబోయించారు. మూడు రోజులు గుడ్డ ఒత్తి చేసి వాడి చేత చక్కెర నీళ్ళు చీకించారు. వాడు నోరు తెరుచుకుని నా రవిక వైపు తల తిప్పుతూనే ఉన్నాడు. బుగ్గ మీద వేలు తగిలితే చాలు, అటు తిరిగి వెతుకుతాడు. ఏ దేశంలో పుట్టిన బిడ్డయినా అంతే. వాడు అడుగుతూనే ఉన్నాడు, నాకు అర్థమవుతూనే ఉంది, అయినా ఇవ్వలేదు. పదో రోజుకు విరేచనాలు పట్టుకుని ఆస్పత్రి పాలయ్యాడు. బతికాడు, అంతే చాలు. ఆ తర్వాత ట్రైనింగ్‌లో ముర్రుపాల గురించి పాఠం చెబుతుంటే క్లాసులో కూర్చుని ఏడ్చాను. నువ్వు పాప పుట్టిన గంటలోపే పట్టించావని విన్నప్పుడు నాకెంత సంతోషం వేసిందో మాటల్లో చెప్పలేను.

అందుకే మీ అత్తగారితో ఇంకెందులోనైనా సర్దుకో, కొన్నిట్లో మాత్రం గట్టిగా ఉండు. ఆరు నెలలు పాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దు. తల్లిపాలలో 87 శాతం నీళ్ళే. ఏడాది దాకా తేనె నాకించొద్దు. కంట్లో కాటుక వద్దు, దిష్టి చుక్క అరికాలికి పెట్టు, ఆమెకూ తృప్తిగా ఉంటుంది. ఆవాల దిండు వద్దు, అసలు ఏ దిండూ వద్దు. వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టు. తలుపులేసిన ఇంట్లో సాంబ్రాణి పొగ పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒంటికి నూనె రాయడం మాత్రం మానొద్దు, మెత్తగా రాయి, ముక్కులో చెవుల్లో పోయకు. అక్కడి నర్సు విటమిన్ డి చుక్కలు ఇచ్చింది కదా, రోజూ వెయ్యి. పక్కింటావిడ చలిలో నిద్రపుచ్చడం వాళ్ళ ఊరి అలవాటు, వాళ్ళకు దాని మెళకువలు తెలుసు. నీకు మనసొప్పకపోతే చేయనక్కర్లేదు.

పాపతో మాట్లాడుతున్నావా? "ఏం అర్థమవుతుందని మాట్లాడాలత్తా" అన్నావు ఆ మధ్య. పాలిచ్చేటప్పుడు నీ మొహానికీ పాప కళ్ళకీ మధ్య జానెడు దూరం ఉంటుంది. పసికందు చూపు ఆనేది సరిగ్గా అంతవరకే. ఇక చెవి కడుపులోనే తయారై ఉంది. 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, అప్పుడే పుట్టిన 60 మంది బిడ్డల ఏడుపు రికార్డు చేసి చూస్తే, ఫ్రెంచి తల్లుల బిడ్డల ఏడుపు కింది నుంచి పైకి లేచింది, జర్మన్ తల్లుల బిడ్డల ఏడుపు పై నుంచి కిందికి దిగింది. వాళ్ళ వాళ్ళ భాషల తీరు కూడా అంతే. అన్ని నెలలు నీ కడుపులో ఉన్న పాప నీ మాటల వాలు వింటూనే వచ్చింది.

ఇంకొకటి విను. మనకు 'తాత', 'టాటా' ఎంత వేరుగా వినిపిస్తాయి! ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళకు ఆ త, ట తేడా పట్టుకోవడం కష్టం. 1984లో కెనడాలో చూశారు: ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన బిడ్డలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ తేడా చక్కగా పట్టారు. ఏడాది నిండేసరికి చాలామందికి అది పోయింది, ఇంట్లో వినబడదు కాబట్టి. ఇప్పుడు పాప చెవి అన్ని భాషలకూ తెరిచి ఉంది. నార్వే భాష బడిలో, వీధిలో ఎలాగూ వస్తుంది. తెలుగు వినాలంటే నీ నోటి నుంచే వినాలి. స్నానం పోస్తూ "ఇదిగో కాలు, ఇదిగో చెయ్యి" అను. మీ అమ్మ నీకు పాడిన జోలే పాడు, గొంతు బాగోలేదని సిగ్గుపడకు. పాపకు లోకంలో అంతకన్నా తెలిసిన గొంతు లేదు. పాప 'ఉంగా' అంటే నువ్వూ 'ఉంగా' అని, కాస్త ఆగు. మళ్ళీ పాప వంతు వస్తుంది. కొన్నాళ్ళకు పెదవులు కలిపి 'మ' అంటుంది, అన్ని దేశాల బిడ్డలకూ తేలిగ్గా వచ్చే అక్షరాల్లో అదొకటి. మనం దాన్ని అమ్మను చేసుకుంటాం. జార్జియా అనే దేశంలో 'మామా' అంటే నాన్న!

బోర్లా పడటం, పాకడం గురించి ఇప్పుడే కంగారు వద్దు. నేను చెప్పిన ఆ ఆరు దేశాల్లో ఐదింట నడక కూడా గమనించారు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు సొంతంగా నడిచింది ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య. వందలో నలుగురు అసలు మోకాళ్ళ మీద పాకనే లేదు. బోర్లా పడిన రోజు నాకు చెప్పు, ఇక్కడ బొబ్బట్లు చేసి నాలుగిళ్ళకు పంచుతా. అడుగులేస్తే అరిసెలు.

వచ్చే నెల మీ ఆయన స్నేహితుడు ఓస్లోకి వస్తున్నాడట. నావి రెండు పాత నూలు చీరలు ఉతికి, ఎండలో ఆరేసి, పంపుతున్నా. పక్కగుడ్డలుగా చింపుకో, ఒకటి మాత్రం చింపకుండా పాపను ఎత్తుకునేటప్పుడు భుజం మీద వేసుకో. పాప నిన్ను చూసి మొదటిసారి నవ్విన రోజు కూడా నాకు చెప్పాలి. నిద్రలో నవ్వేది కాదు, నీ మొహం చూసి నవ్వేది. ఇంకో ఒకటి రెండు వారాల్లో వచ్చేస్తుంది.

మీకు సాయంత్రం ఆరయితే మాకు రాత్రి పదిన్నర. పాప ఏడుపు మొదలయ్యే వేళ అదే కదా. ఫోన్ చెయ్, స్పీకర్‌లో పెట్టి నడుస్తూ ఉండు, ఇక్కడి నుంచి నేను జోల పాడతా. మెలకువగానే ఉంటా.

మీ అత్త