కుక్క ఎక్కడున్నా ఆయన కంటికే కనబడుతుంది

ప్రశ్న: మాది అనంతపురం. మావారికి క్లాక్ టవర్ దగ్గర బట్టల షాపు. ఏడాదిగా ఆయనకు రేబిస్ భయం. ఏ కుక్కా కరవలేదు. అయినా రాత్రి ఇంటికి రాగానే కాళ్లు, ప్యాంటు అంచులు టార్చ్ వేసి చూడమంటారు. బండి మీద పోతుంటే ఎక్కడో లారీ కింద పడుకున్న కుక్క కూడా ముందు ఆయనకే కనబడుతుంది. "వెతుక్కుని మరీ చూస్తావెందుకురా" అని మా అత్త తిడుతుంది. కావాలనే చేస్తున్నారా?

జవాబు: కావాలని కాదమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఓసీడీలా ఉంది, అంటే వద్దన్నా అదే భయం పదేపదే వచ్చి, చూసిందే మళ్లీ మళ్లీ చూసుకునేలా చేసే మానసిక సమస్య; తేల్చాల్సింది మాత్రం సైకియాట్రిస్టే. భయం ఏ వస్తువు మీద ఉంటే మనసు దాని కోసమే కాపు కాస్తుంది. దీని మీద పరీక్షలు కూడా చేశారు. రకరకాల రంగుల్లో రాసిన పదాలు చూపించి, అర్థం వదిలేసి, ఒక్కో పదం ఏ రంగులో ఉందో మాత్రం చెప్పమంటారు. మురికి అంటే భయపడేవాళ్లు ఆ భయానికి సంబంధించిన పదం రాగానే రంగు చెప్పడానికి సగటున ఎక్కువ సమయం తీసుకున్నారు. ఓసీడీ ఉన్న అందరిలోనూ ఇలా కనబడలేదు. అంటు, మురికి భయాలున్నవాళ్లలోనే ఎక్కువ. కుక్క మనకూ కనబడుతుంది, దాటిపోతాం. ఆయన చూపు అక్కడే ఇరుక్కుంటుంది. కాసేపటికి ప్యాంటు మీద నీటి చుక్క కూడా చొల్లేమో అనిపిస్తుంది. "చూడకు" అంటే ఇంకా ఎక్కువ చూస్తారు. కాబట్టి అత్తగారి తిట్లు దండగ.

అసలు చిక్కు మీ చేతిలోని టార్చ్‌తోనే. మీరు చూసి "ఏం లేదు" అన్నప్పుడు ఆయన టెన్షన్ కాసేపు తగ్గుతుంది. కానీ వెతకాల్సిందేదో ఉందనే నమ్మకం గట్టిపడుతుంది. అలాగని ఈ రాత్రే టార్చ్ దాచేయకండి, ఇల్లు రచ్చవుతుంది. ఆయన నెమ్మదిగా ఉన్నప్పుడు కూర్చోబెట్టి, ఏ రోజు నుంచి ఎంత తగ్గించాలో ఇద్దరూ మాట్లాడుకోండి. ఆ తర్వాత అడిగితే "మనం అనుకున్నాం కదా, చూడను" అనండి. "ఏం కాదులే" అనే భరోసా కూడా వద్దు, అదీ టార్చ్ లాంటిదే.

భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కొంటూ, చెక్ చేసుకోకుండా ఆగడం నేర్పే చికిత్స ఉంది. దాన్ని ఈఆర్‌పీ అంటారు. మందులూ పనిచేస్తాయి, కానీ గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. మనవాళ్లు పదిహేను రోజులకే మానేస్తారు, అదే బాధ. మీ ఊరి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. బెంగళూరు మీకు దగ్గరే, అక్కడ నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రిలో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నిజంగా ఎప్పుడైనా కుక్క కరిస్తే, గీరితే మాత్రం సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు వెళ్లాలి. రోడ్డు మీద కనబడిన కుక్కకు ఇవేవీ అక్కర్లేదు.