టవర్ ఆఫ్ లండన్‌ను చెరసాలగానే కట్టారా? అందులో ఖైదీలు ఎలా ఉండేవారు?

చెరసాలగా కట్టలేదు. 1066లో ఇంగ్లండును జయించిన విలియం, లండన్ ప్రజలను అదుపులో ఉంచడానికీ, రాజనివాసానికీ పనికివచ్చేలా 1070ల దశకంలో ఈ కోటకు నడుమనున్న బురుజు, వైట్ టవర్ నిర్మాణం మొదలుపెట్టించాడు. శత్రువును బయటే నిలిపే దళసరి గోడలు లోపలివాణ్ణి కదలనివ్వకుండా ఉంచడానికీ పనికివస్తాయి గనుక, 1100లో డరమ్ బిషప్పు రానల్ఫ్ ఫ్లాంబార్డ్‌ను అక్కడే బంధించారు. చరిత్రకెక్కిన ఆ తొలి ఖైదీ కావలివాళ్ళకు విందు చేసి, ద్రాక్షసారా పీపాలో దాచి తెప్పించుకున్న తాడు పట్టుకుని కిటికీలోంచి దిగి మరుసటి ఏడాదే పారిపోయాడు!

ఖైదీల జీవితం వారి హోదాను బట్టి, చేతిలోని డబ్బును బట్టి ఉండేది. 1603 నుంచి 1616 వరకు అక్కడున్న నావికుడు, రచయిత వాల్టర్ రాలీకి భార్యాబిడ్డలతో గడిపే వీలు, గ్రంథరచనకు తీరిక దొరికాయి. పార్లమెంటును పేల్చివేయాలన్న 1605 నాటి కుట్రలో పట్టుబడిన గై ఫాక్స్‌కు దక్కింది చిత్రహింస. శిరచ్ఛేదాలన్నీ కోటలోనే జరిగాయన్నది కూడా అపోహే. చాలావరకు బయట టవర్ హిల్ మీద, జనం చూస్తుండగా జరిగేవి.

లండన్‌కు వచ్చిన బంధువులను కోటకు తీసుకువెళ్ళినప్పుడల్లా నేను గమనించినది ఒకటుంది. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరు వజ్రాన్ని అక్కడ చూడగానే మనవాళ్ళు తిరుగుముఖం పడతారు. నా మాట వింటే అదే కోటలోని బీచమ్ టవర్‌కు తప్పక వెళ్ళండి. మొదటి ఎడ్వర్డ్ 13వ శతాబ్దం చివర కట్టించిన ఈ బురుజుకు, 1397లో రెండో రిచర్డ్ ఖైదు చేయించిన వార్విక్ ప్రభువు థామస్ బీచమ్ పేరు మిగిలింది.

దాని గోడల నిండా ఖైదీలు చెక్కిన రాతలే. జేన్ గ్రేను ఇంగ్లండు గద్దెనెక్కించే ప్రయత్నం 1553లో విఫలమయ్యాక, దాన్ని నడిపిన నార్తంబర్లండ్ ప్రభువు కొడుకులైన డడ్లీ సోదరులను ఇక్కడ ఉంచారు. వారిలో పెద్దవాడైన జాన్ పేరుతో ఉన్న శిల్పంలో ఎలుగుబంటి, సింహం, చుట్టూ నలుగురు తమ్ముళ్ళకు గుర్తుగా పూలూ ఆకులూ కనిపిస్తాయి. వాటి కింద చెక్కిన పద్యంలో మూడో పాదం సగంలోనే ఆగిపోయింది. ఆ తమ్ముళ్ళలో ఒకడు, జేన్ భర్త అయిన గిల్డ్‌ఫర్డ్‌ను 1554 ఫిబ్రవరి 12న, జేన్‌ను చంపిన రోజే, శిరచ్ఛేదం చేశారు. ఇంత నాజూకైన పనితనం రోజుల తరబడి సాగి ఉండాలి. పనిముట్లూ, వెలుతురూ, కావలివాళ్ళ ఉపేక్షా లేకుండా సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం.

అయితే అక్కడ కనిపించే ప్రతి రాతా ఆ గదిలోనే పుట్టిందనుకోకూడదు. 19వ శతాబ్దపు మరమ్మతుల సమయంలో కోటలోని ఇతర చోట్ల నుంచి కొన్ని రాళ్ళను తెచ్చి ఈ గోడల్లో అమర్చారు. అందువల్ల ఒక రాత ఎవరిదో తెలిసినంత మాత్రాన ఆ ఖైదీ ఈ బురుజులోనే ఉన్నాడని చెప్పలేము.